నేలతాత కళ్ళమీద ఎర్రకాగితం

దేవుణ్ణి అడిగి, ఆయన సరేనన్నాక చేసిన పని తప్పయితే ఆ పాపం ఎవరిది? అడిగిన మనిషిదా, ఒప్పుకున్న దేవుడిదా? పందొమ్మిదేళ్ళుగా ఈ సందేహం నాలో ఉంది. మా ఉప్పుమెట్ల వీధిలో చిన్న పనికైనా పెద్ద పనికైనా వీధిని కాచే దేవుడు నేలతాత గుడి ముందు జోడుచెక్కలు వేసి అడుగుతాం. అర్ధచంద్రాల్లాంటి రెండు వెదురు చెక్కలు అవి. ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తాత ఒప్పుకున్నట్టు. తమ్ముణ్ణి వేరు పెట్టనా అని నేను అడిగిన రోజు మొదటిసారికే అలా పడ్డాయి. వేరు పెట్టాను. ఆ తర్వాత తమ్ముడు ఎదురైన ప్రతిసారీ నేను చేసింది తప్పేనని తెలుస్తూనే ఉంది.

పోయిన ఏడు చాంద్రమానం ప్రకారం ఐదో నెల పదహారో తిథినాడు, అంటే జూన్ పదకొండున, మా వీధి ఉత్తర వరసలో కొంత తగలబడింది. చెప్పులు కుట్టే యాన్ మామ పొగలో ఊపిరాడక పోయాడు. ఆ తర్వాత పదహారు రోజులకి ఒకామె నడివీధిలో నిలబడి నా సందేహాన్నే, నాకు ఏనాడూ రాని కోపంతో, అందరి ముందూ అడిగింది. ఆమె పేరు జ్వాంగ్ సూచ్యూ. ఇందులో కొంత నేను కళ్ళారా చూసింది. మిగతాది ఆమె సహాయకుడు లాయ్‌గెన్ మా ఎండుచేపల కొట్లో కూర్చుని టీ తాగుతూ చెప్పింది.

*

జ్వాంగ్ ఆఫీసు క్వాన్‌జౌ పాతబస్తీలో మూలికల కొట్టు మీది గది. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోవడానికి మా దేశంలో చట్టం ఒప్పదు. అందుకని ‘పోయిన వస్తువులకు సలహాలు’ అని రాయించుకుంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కాలిన ఇళ్ళూ గోడౌన్లూ చూసి, మంట ఎక్కడ పుట్టిందో చెప్పే పని చేసింది. లాయ్‌గెన్ సిటీ బస్సు నడిపి మానేసినవాడు. ఆమె బూడిదను చూస్తే బూడిద మాట్లాడుతుందని అతని నమ్మకం.

ఆ గదికి వచ్చేవాళ్ళు సాధారణంగా భయపడుతూ వస్తారు. హోంగ్ పెద్దమ్మ మండిపడుతూ వచ్చింది. అరవై మూడేళ్ళ మనిషి, మెట్లెక్కిన ఆయాసం కూడా తీర్చుకోకుండా ఒక కాగితాన్ని బల్లమీద కొట్టింది.

“కాలిన కొంపల్ని చూసి ఎవడు కాల్చాడో చెప్పేది నువ్వేనా?”

“ఒకప్పుడు చెప్పేదాన్ని. కూర్చోండి పెద్దమ్మా.”

“కూర్చోడానికి రాలేదు అమ్మాయ్. ఇది చదువు. ముందు చదువు.”

జ్వాంగ్ చదివింది. హోంగ్ పెద్దమ్మ ఉప్పుమెట్ల వీధిలో పూజకాగితాలు అమ్ముతుంది. పోయినవాళ్ళ కోసం కాల్చే కాగితపు ఇళ్ళూ బట్టలూ చేస్తుంది. పదహారో తిథినాడు మధ్యాహ్నం ఆమె నేలతాత గుడి దగ్గర పూజకాగితాలు కాల్చి, నిప్పు ఆర్పకుండా వెళ్ళిపోయిందనీ, దానివల్లే గుడీ పక్కనున్న నాలుగు కొట్లూ కాలి ఒక మనిషి చనిపోయాడనీ, ఆ తప్పు తనదేననీ ఆమె ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితం.

“వార్డు ఆఫీసువాళ్ళిచ్చారు. వచ్చే నెల రెండో తిథిలోపు వేలిముద్ర వెయ్యాలంట. వేస్తే జైలు లేకుండా చూస్తారంట, ముసలిదాన్నని జాలంట!” పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి లాయ్‌గెన్ టీ కప్పు కింద పెట్టేశాడు. “నేను వేలు పెడితే ఏమవుతుందో తెలుసా? అద్దెకున్నవాళ్ళ తప్పు వల్లే తగలబడింది కాబట్టి వీధిని బాగుచేసే కంపెనీ ఉత్తర వరస పదకొండు కుటుంబాలకీ మళ్ళీ కొట్లు ఇవ్వనక్కర్లేదు. వీధంతా నా మొహం చూడ్డం మానేసింది. యాన్‌ని చంపిన మనిషినంట నేను. యాన్‌ని!”

“కాల్చారా?”

“లేదు.”

“ఆ రోజు అసలు నిప్పు ముట్టించలేదా?”

“మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరు ముట్టిస్తారు? ఇళ్ళల్లోవాళ్ళు ఒకటీ పదిహేనూ తిథుల్లో చేసుకుంటారు. మేం కొట్లవాళ్ళం, మాకు రెండూ పదహారూ. అది కూడా సాయంత్రం నాలుగింటికి, నిద్ర లేచాక. ఒంటిగంటకి ఆ వీధిలో దేవుడు కూడా పడుకునే ఉంటాడు.”

“మరి మీ తప్పని వాళ్ళెలా అంటున్నారు?”

పెద్దమ్మ రెండో కాగితం తీసింది. గుడి వెనక గోడకీ యాన్ కొట్టు చెక్కలకీ మధ్య సందులో దొరికిన పూజకాగితాల కట్ట ఫోటో అది. సగం కాలింది. చుట్టూ ఉన్న పట్టీ మీద హోంగ్ కొట్టు ముద్ర కనిపిస్తూనే ఉంది.

జ్వాంగ్ ఆ ఫోటోలో తెగని పట్టీ మీద వేలు పెట్టింది.

“పెద్దమ్మా, మీరు కాగితాలు ఎలా కాలుస్తారు?”

“ఎలాగేంటి? పట్టీ తెంపి, విసనకర్రలా విప్పి, ఒక్కొక్కటే. మా వీధిలో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. కట్ట విప్పకుండా పడేస్తే ఎక్కడ కాలుతుంది? లోపల్లోపల గంటసేపు రాజుకుంటూ…”

ఆమె ఫోటోను తన వైపు లాక్కుంది.

“గంట అక్కర్లేదు,” అంది జ్వాంగ్. “అరగంట చాలు. పెట్టినవాడు ఇంటికెళ్ళి పడుకోడానికి. పద లాయ్‌గెన్.”

“ఫీజు మాటేంటి?” అంది పెద్దమ్మ.

“నాకు కోపం వచ్చింది పెద్దమ్మా. కోపం వచ్చినప్పుడు నేను ఫీజు అడగను. లాయ్‌గెన్ తిడతాడు, తిట్టనీ.”

*

మా వీధి నదిలోంచి మొదలవుతుంది. ఉప్పు పడవలు ఆగిన రాతిమెట్లు ఇప్పటికీ నీళ్ళలోకి దిగి ఉన్నాయి. మెట్ల దగ్గర చేపలు, తర్వాత కూరలు, తర్వాత నూలుపోగుల్లాంటి సేమ్యా, ఆ పైన పూజసామాన్లు, చెప్పులు, మంగలికొట్టు. నేలతాత కూర్చునే పీఠం, ఒకప్పుడు దక్షిణాది ఓడలవాళ్ళు వదిలిపోయిన రాయి. దానిమీద చెక్కిన ఏనుగు ఒకటి లింగం మీద తొండంతో పువ్వు పెడుతూ ఉంటుంది. ఆ ఏనుగు ఎవరో మాకెవరికీ తెలియదు. అయినా తాతకు మొక్కినవాళ్ళు దానికీ ఒక అగరొత్తి గుచ్చుతారు. అడిగితే, “వచ్చిన చుట్టం కదా” అంటారు.

కిందటి ఏడాది నుంచి వీధిని బాగుచేస్తామని ఒక కంపెనీ దిగింది. బాగుచెయ్యడమంటే దక్షిణ వరసకి ఎర్రలాంతర్లు కట్టడం, చేపల వాసన రాకుండా చేపలవాళ్ళని పంపెయ్యడం, ఫోటోలు తీసుకునేవాళ్ళకి ఐస్‌క్రీం అమ్మడం. నూట యాభై ఏళ్ళు నడిచిన కత్తుల కొట్టు ఇప్పుడు ‘పాతకాలపు కత్తుల కొట్టు’ అని బోర్డు పెట్టుకుని బొమ్మలు అమ్ముతుంది. మాకు ఒళ్ళు మండేది. కానీ మండి ఏం చేస్తాం? అద్దెకున్నవాళ్ళం.

జ్వాంగ్ తాడు కట్టిన చోటు దాటి గుడి రాళ్ళ దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది. గుడి ముందు రాతిపలక మసిబారి నల్లగా ఉంది. ఆ నలుపులో రెండు తెల్లటి మచ్చలు. ఒకటి పూర్తి అర్ధచంద్రం. రెండోది దాని పక్కనే, వేలెడంత సన్నటి గీత.

“ఇవేంటో చెప్పు,” అంది లాయ్‌గెన్‌తో.

అతను తల గోక్కున్నాడు. “ఏదో రెండు వస్తువులు పడి ఉండి, వాటి కింద మసి పట్టలేదు.”

“చదునువైపు ఆనినది మొత్తం చందమామ వేసింది. ఉబ్బువైపు ఆనినది గీత మాత్రమే వేసింది.”

“జోడుచెక్కలు! ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.” లాయ్‌గెన్ గొంతు తగ్గించాడు. “సరే అన్నట్టు.”

“అడిగినవాడు చెక్కలు ఏరి లోపల పెడతాడు కదా. వీడు పెట్టలేదు. మంట వచ్చేదాకా అవి ఇక్కడే ఉన్నాయి.”

గుడిలోని ధూపపాత్ర వేడికి పగుళ్ళిచ్చింది. అది ఎప్పుడూ అంచుదాకా బూడిదతో నిండి ఉండేది. మా ముత్తాతల అగరొత్తుల బూడిద అది. ఏడాదికొకసారి తప్ప ఎవరూ తియ్యరు. ఇప్పుడు అందులో గట్టిపడ్డ బురద సగానికే ఉంది.

“ఫైరింజను నీళ్ళకి పొర్లిపోయి ఉంటుంది,” అన్నాడు లాయ్‌గెన్.

“పొర్లితే పాత్ర బయట చారలు కట్టాలి. ఏవీ?”

తర్వాత ఇద్దరూ ఇరవై అడుగుల దూరంలో ఉన్న బావి దగ్గరికి పోయారు. మంటలు లేచిన రోజు మేం చూసిన వింత అక్కడే ఉంది. జానెడు ఎత్తు నేలతాత విగ్రహం, చెక్కు చెదరకుండా, బోర్లించిన కొత్త తొట్టి మీద కూర్చుని ఉంది. కళ్ళమీద ఎర్రకాగితం అంటించి ఉంది. ఎండ తగలకుండా ఎవరో గొడుగు కట్టారు.

“తాత తనే నడిచి బయటికొచ్చాడు తల్లీ,” అంది పక్కనే ఆకుకూర అమ్మే ముసలమ్మ.

“వచ్చి తన కళ్ళకి తనే కాగితం అంటించుకున్నాడా అవ్వా?”

“అది… తర్వాత ఎవరో అంటించి ఉంటారులే. పీఠం మీంచి కదిలిస్తే దారిలో చెడు కంట పడకూడదని అంటిస్తాం కదా.”

జ్వాంగ్ హోంగ్ పెద్దమ్మను పిలిచింది. “మీరే ఎత్తండి పెద్దమ్మా. ఒక్క మూల చాలు.”

పెద్దమ్మ మూడుసార్లు వంగి దండం పెట్టి, గోటితో కాగితం మూల లేపింది. కాగితం పైన సన్నటి మసి. విగ్రహం నుదుటి మీదా మసే. కాగితం కింద మాత్రం చెక్కమీది రంగు నిన్న వేసినట్టు శుభ్రంగా ఉంది.

“మసి రాకముందే అంటించారు,” అంది జ్వాంగ్. “అంటే మంటకంటే ముందు.”

పెద్దమ్మ కాగితం మూలను మళ్ళీ అదిమి అంటించింది. ఆమె ముఖంలో కోపం ఉన్నచోటే ఇంకేదో కనిపించింది. కంపెనీవాడు చేశాడనుకుని తిట్టుకోవడం తేలిక. కంపెనీవాడికి తాత కళ్ళు మూయాలని తెలియదు.

“విగ్రహాన్ని ఎత్తే హక్కు ఎవరికి?”

“గుడి పనులు చూసే ఆ ఏటి ధూపపెద్దకే,” అంది పెద్దమ్మ నెమ్మదిగా. “ఏటా చెక్కలు వేసి ఎంచుతాం. ఈ ఏడు త్సెంగ్ వాన్‌ఫు. కాదమ్మాయ్, వాడు కాదు. దేవుళ్ళు వద్దని సర్కారు గుళ్ళు పగలగొట్టించిన ఆ పదేళ్ళూ తాతని వెనిగర్ జాడీలో దాచింది వాడి నాయనమ్మ. పిడికెడు బూడిద కూడా దాచింది. ఆ పిడికెడే లేకపోతే ఈ గుడే లేదు.”

*

త్సెంగ్ వాన్‌ఫు దక్షిణ వరసలో వెనిగర్‌లో నానబెట్టిన పంది మాంసం వేయించి అమ్ముతాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎవరికైనా రెండు ముక్కలు ఎక్కువే వేస్తాడు. జ్వాంగ్‌కీ లాయ్‌గెన్‌కీ చెరో పొట్లం ఇచ్చాడు.

“ఆ రోజు ఎక్కడున్నావు త్సెంగ్ అన్నా?”

“ఇక్కడే, బల్లమీద పడుకున్నా. అరుపులు విని లేచా. బకెట్ పట్టుకుని పరిగెత్తా. చూడండి, చెయ్యి కాలింది.”

“విగ్రహాన్ని ఎవరు తీశారు?”

“ఏమో అక్కా. ఎవరో పుణ్యాత్ముడు.”

“హోంగ్ పెద్దమ్మ నిప్పు పెట్టిందంటే నమ్ముతావా?”

అతను జల్లిగరిటెతో నూనెలో ముక్కలు తిప్పాడు. “కావాలని పెట్టదు. పెద్దావిడ, మర్చిపోయి ఉంటుంది. ఎవరినీ అనకూడదు.”

“విగ్రహం దక్కింది గానీ పాత్రలోని పాత ధూపం పోయింది కదా. మా అమ్మ అయితే అది విని రెండు రోజులు అన్నం తినలేదు,” అన్నాడు లాయ్‌గెన్ నోట్లో ముక్కతో.

“ఏం చేస్తాం తమ్ముడూ. నీళ్ళకి పొర్లి కొట్టుకుపోయింది.” త్సెంగ్ తదుపరి వాయి వేశాడు. “తినండి, చల్లారితే మెత్తబడతాయి.”

బయటికొచ్చాక జ్వాంగ్ తన పొట్లం విప్పకుండా లాయ్‌గెన్ చేతిలో పెట్టింది. అక్కణ్ణించి ఇద్దరూ కంపెనీ ఆఫీసుకి పోయారు. మేనేజర్ గువాన్ ఉత్తరాది మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా.

“అగరొత్తులు, కాగితాలు, చెక్క గోడలు,” అన్నాడతను. “ఇన్నాళ్ళు తగలబడకపోవడమే ఆశ్చర్యం మేడమ్. చనిపోయినాయన గురించి మాకూ బాధగానే ఉంది.”

జ్వాంగ్ అతని ముఖం చూడలేదు. అతని వెనక గోడమీది పెద్ద ప్లాను చూస్తోంది. అందులో ఉత్తర వరస లేదు. ఆ చోట ‘ప్రవేశ ప్రాంగణం’ అని ఉంది. వీధి మొదట్లో కొత్త నేలతాత గుడి, దాన్ని ఆనుకుని మూలకొట్టు. మూలకొట్టు మీద ‘కేటాయించినది: వెనిగర్ మాంసం’.

“ఉత్తర వరస ఎప్పుడు తీసేశారు?”

“మంటల తర్వాతే. ప్రమాదకరమైన కట్టడాలని తేలాక.”

“మంటలు జూన్ పదకొండున. ప్లాను కింద జూన్ మూడు అని అచ్చయింది.”

గువాన్ నవ్వాడు. “అచ్చు తప్పు.”

మెట్లు దిగుతూ లాయ్‌గెన్ ఆగలేకపోయాడు. “అక్కా, దొరికాడు కదా! పోలీసులకి చెబుదాం.”

“ఏం చెబుదాం? రాతిమీద మచ్చ, కాగితం మీద మసి, ఒక అచ్చు తప్పు? ఆ బూడిద ఎక్కడుందో చూపించగలవా? వాళ్ళిల్లు నువ్వు సోదా చేస్తావా, నేను చెయ్యనా?” ఆమె కిందిమెట్టు మీద ఆగింది. “వాడి చేతే తెప్పించాలి.”

*

ఆరో నెల రెండో తిథి. సాయంత్రం నాలుగు. కాలిన గుడి ముందు వీధంతా చేరింది. వార్డు అధికారి వేలిముద్ర పట్టే సిరా డబ్బీతో వచ్చాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ ఒకాయన జ్వాంగ్ పక్కన నిలబడ్డాడు. ఇన్సూరెన్స్ రోజుల నుంచి ఆమెకు తెలిసినవాడు. గువాన్ వెనకగా, నీడలో. మాలో ఎవరమూ హోంగ్ పెద్దమ్మ పక్కన నిలబడలేదు. నేనూ నిలబడలేదు. ఆమె చుట్టూ నాలుగడుగుల ఖాళీ ఉంది.

“వేలిముద్రకి ముందు ఒక్క మాట,” అంది జ్వాంగ్. “పెద్దమ్మా, విగ్రహాన్ని మళ్ళీ కూర్చోపెట్టాలంటే ఏం కావాలి?”

“పాత ధూపం కావాలి. పాత బూడిద లేకపోతే అది బొమ్మ. తాత కాదు.”

జ్వాంగ్ పగిలిన ధూపపాత్రను ఎత్తి అందరికీ చూపించింది. “ఇందులో ఉన్నది బురద. పగిలిన పెంకులూ బొగ్గూ కలిసిన బురద. మిగిలిందంతా మురిక్కాలవలో పోయింది. మీ ధూపం ఆరిపోయింది.”

ఆకుకూరల ముసలమ్మ గుండెలు బాదుకుంది. నేను పాత్రలోకి తొంగి చూశాను. ఆ జాడీలో దాచిన పిడికెడు కూడా చివరికి పోయిందా?

“అయితే విగ్రహాన్ని మా సందర్శకుల హాల్లో అద్దాల పెట్టెలో పెడదాం,” అన్నాడు గువాన్. “లైటు కూడా వేయిస్తాం.”

“మంచి మాట. ఉత్త బొమ్మే కదా. వార్డు అధికారిగారూ, రాసుకోండి. ఉప్పుమెట్ల వీధికి ఇక నేలతాత లేడు.”

“ఉన్నాడు!”

త్సెంగ్ వాన్‌ఫు అరిచాడు. చెమటతో ముఖం మెరుస్తోంది. “అద్దాల పెట్టెలోనా? తాతనా? ధూపం ఆరిపోలేదు. నేను తీసి ఉంచాను. నా దగ్గరుంది.”

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ముసలమ్మ అతని కాళ్ళమీద పడబోయింది.

“తీసుకురా అన్నా,” అంది జ్వాంగ్ మెత్తగా.

అతను పరిగెత్తాడు. రెండు నిమిషాల్లో గుండెకి హత్తుకుని ఒక నీలం జాడీ తెచ్చాడు. జ్వాంగ్ మూత తీసి, చిటికెడు బూడిద తీసి, ఊదింది. అది తేలిపోయింది. దుమ్ములా, పిండిలా.

“పొడిగా ఉంది,” అంది. “పెంకు ముక్క లేదు, బొగ్గు లేదు, నీటి తడి లేదు. నీళ్ళకి కొట్టుకుపోయిందని నాతో చెప్పావు. మరి ఇది ఎప్పుడు తీశావు అన్నా?”

అతను జాడీ మీద మూత లాక్కుని మూశాడు.

“మంటలు లేవకముందు తీశావు. మంట వస్తుందని తెలిసిన ఒక్కడివే తీశావు.” ఆమె గొంతు పెరిగింది. “ఆ రోజు ఒంటిగంటకి ముందు వీధంతా పడుకుంది. నువ్వు ఇక్కడికొచ్చావు. చెక్కలు వేశావు. సరే అని పడ్డాయి, వాటి అచ్చు ఇదిగో, రాతిమీద ఉంది. తాత కళ్ళకి కాగితం కట్టావు. కాగితం కింద మసి లేదు. తాతని బావి దగ్గర కూర్చోపెట్టావు, అదీ మట్టిమీద కాదు, కొత్త తొట్టి తెచ్చి మరీ. బూడిద తీసుకున్నావు, మీ నాయనమ్మ తీసినట్టే. అంతా భక్తిగా చేశావు. ఆ తర్వాత పెద్దమ్మ దగ్గర కొన్న కట్టని విప్పకుండా, ఒక కొస ముట్టించి, యాన్ కొట్టు సందులో దూర్చి పోయి పడుకున్నావు. అది అరగంట రాజుకుని అంటుకుంది. బయటివాడు చేసుంటే దేవుణ్ణి కూడా కాల్చేసేవాడు. మీవాడు చేశాడు కాబట్టి దేవుణ్ణి జాగ్రత్తగా దించి, మనిషిని కాల్చాడు.”

“యాన్ కొట్టు పైగదిలో ఉన్నాడని నాకు తెలియదు!” త్సెంగ్ కూలబడ్డాడు. “రోజూ టీకొట్టు బల్లమీద పడుకుంటాడు కదా. ఆ రోజు జ్వరమని నాకెవరు చెప్పారు? గుడీ నాలుగు చెక్కలూ కాలితే వరస ప్రమాదమని కంపెనీవాళ్ళు రాస్తామన్నారు. తాతకి వీధి మొదట్లో పెద్ద గుడి కడతామన్నారు. నేను… నేను ఊరికే చెయ్యలేదు అక్కా. అడిగాను. తాత సరే అన్నాడు. మొదటిసారికే అన్నాడు!”

“ఏమని అడిగావు?”

అతను నేలకేసి ఏదో గొణిగాడు.

“ఏమని అడిగావు అన్నా? అందరికీ వినపడేట్టు చెప్పు.”

“‘తాతా… నిన్ను ఇక్కణ్ణించి కదపనా’ అని.”

“అంతేనా? వీధికి నిప్పు పెట్టనా అని అడిగావా? పైన యాన్ ఉన్నాడా అని అడిగావా? ఆ తప్పు హోంగ్ పెద్దమ్మ నెత్తిన వెయ్యనా అని అడిగావా?” జ్వాంగ్ రాతిమీది మచ్చల వైపు చెయ్యి చూపింది. “నీకు కావలసిన ప్రశ్న ఏరుకుని అడిగి, ఆయన నోట్లోంచి నీకు కావలసిన జవాబు లాక్కున్నావు. అడగని ప్రశ్నలకి కూడా ఆయన సరే అన్నాడంటావా? చెక్కలు అక్కడే ఉన్నాయి కదా, ఇంకొక్కసారి వెయ్యడానికి నీకు ధైర్యం ఎందుకు లేకపోయింది?”

నేను తలవంచుకున్నాను. తమ్ముణ్ణి వేరు పెట్టనా అనే నేనూ అడిగాను. అది న్యాయమా అని అడగలేదు.

హోంగ్ పెద్దమ్మ ముందుకొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

“ఆ కట్ట కొన్న రోజు నవ్వుతూ కొన్నావు కదరా. ధూపపెద్దవని ఇంకో కట్ట ఊరికే ఇచ్చాను. నా ముద్ర కనపడేట్టు పెట్టావా, నీ అదృష్టం కొద్దీ మిగిలిందా?”

“అక్కా…”

“అక్కా అనకు. పదహారు రోజులు నా కొట్టు ముందునుంచి తల తిప్పుకుని పోయావు. నన్ను చూసి జాలిపడుతున్నావనుకున్నాను. వెధవా, జాలిపడుతున్నావనుకున్నాను!”

వెనక గువాన్ కదిలాడు. “చూశారు కదా, ఇది వీళ్ళలో వీళ్ళ వ్యవహారం. మా కంపెనీ ఎవర్నీ నిప్పు పెట్టమని చెప్పలేదు.”

“చెప్పలేదు,” అంది జ్వాంగ్. “పెడితే ఏమొస్తుందో చెప్పారు. మంటకి ఎనిమిది రోజుల ముందే కాలబోయే వరసని ప్లానులోంచి తుడిచేశారు. ఇన్‌స్పెక్టర్‌గారూ, ఆ అచ్చు తప్పు ఇంకా గోడమీదే ఉంటుంది. వీళ్ళు దించేలోపు వెళ్ళండి.”

ఇన్‌స్పెక్టర్ ఒక కానిస్టేబుల్‌ని పరిగెత్తించాడు. ప్లాను దొరికింది. త్సెంగ్‌ని ఆ సాయంత్రమే తీసుకుపోయారు. గువాన్‌ని విచారణకి పిలిచారు, మర్నాడు వదిలేశారు, మళ్ళీ పిలిచారు. అతనికి ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కాలోనే తిరుగుతున్నాడు. అది తలచుకుంటే జపం మధ్యలో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. ఉత్తర వరస కూల్చే కాగితం మాత్రం ఆగింది. పదకొండు కుటుంబాలూ కొట్లు తిరిగి కట్టుకోవచ్చని వార్డు అధికారి రాసిచ్చాడు. సిరా డబ్బీ మూత తియ్యకుండానే జేబులో వేసుకుపోయాడు.

ఆ రోజు జనం హోంగ్ పెద్దమ్మ చుట్టూ మూగి క్షమించమన్నారు. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. “నాకు పనుంది” అని కొట్లోకి పోయి తలుపు వేసుకుంది.

*

ఆ పని ఏమిటో యాన్ మామ పోయిన నలభై తొమ్మిదో రోజున, పోయినవాళ్ళకి ఆఖరి పూజ చేసే నాడు, తెలిసింది. పొద్దున పదింటికి ఆమె తలుపులు తీసి, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని కాగితపు ఇల్లు బయటపెట్టించింది. లాయ్‌గెన్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని మెట్ల దాకా మోశాం. జ్వాంగ్ వెనకే వచ్చింది.

“యాన్‌కి నా అనేవాళ్ళు లేరు కదా, ఎవరు చేయించారు పెద్దమ్మా?” అన్నాడు లాయ్‌గెన్.

“ఎవరూ చేయించలేదు. మా ఆయన పోయిన రోజు శవపెట్టెలో పెట్టడానికి మంచి చెప్పులు లేవు. యాన్ పొద్దునకల్లా కొత్త జత కుట్టి తెచ్చాడు. ఎంతివ్వాలంటే, ‘నాకెవరున్నారు వదినా, నేను పోయాక ఒక ఇల్లు కట్టి పంపించు, చాలు’ అన్నాడు. ఇరవై ఆరేళ్ళయింది.”

రెండంతస్తుల ఇల్లు అది. కింద చెప్పుల కొట్టు. లోపల పీట, సుత్తి, గోరంత చెప్పుల జత. పైన మంచం, దోమతెర. పైగదికి నాలుగువైపులా కిటికీలు పెట్టింది. అన్నీ తెరిచే ఉన్నాయి.

మా వీధిలో నిప్పు ముట్టించకూడదన్న నిషేధం ఇంకా తీయలేదు. పదకొండు కుటుంబాలూ బకెట్లతో నీళ్ళు పట్టుకుని మెట్లమీద వరసగా నిలబడ్డాయి. పెద్దమ్మ పేర్చిన కాగితాలను విసనకర్రలా విప్పి, ఒక్కొక్కటే అంటించి, గుమ్మం దగ్గర పెట్టింది.

“తీసుకో మరిదీ,” అంది. “ఆలస్యమైంది.”

ఇల్లు పూర్తిగా కాలి, బూడిద నదిలోకి పోయేదాకా ఎవరమూ బకెట్లు కింద పెట్టలేదు.